పదిహేడో నంబరు సీటు

మార్చి 4, మంగళవారం

టికెట్లు వచ్చాయి. రెండూ మందపాటి అట్ట మీద, మెరిసే అక్షరాలతో. ఇరవై రెండో తారీకు, శనివారం, మధ్యాహ్నం నాలుగింటికి. మూడో గేటు, జి వరుస, పదిహేడు, పద్దెనిమిది. పదిహేడు మా ఆయనకి. ఆయనకి ఎడమ చెవి సరిగ్గా వినబడదు కాబట్టి నేను కుడి పక్కన ఉండాలి. బుక్ చేసిన అమ్మాయికి ఫోన్లో ఇదంతా చెబితే, "ఏ సీట్లో కూర్చున్నా పాట ఒకటేనండీ" అంది. ఆ పిల్లకి పెళ్ళయి ఉండదు.

పేపర్లో ఫొటో కూడా వేశారు. బ్యాండు వాళ్ళు నలుగురూ డెబ్బై దాటినవాళ్ళే. ఇదే ఆఖరి పర్యటనట. గిటారు వాయించే అతనికి బట్టతల వచ్చేసింది. పాడే అతను మాత్రం ఆ పొడుగు జుట్టు అలాగే ఉంచుకున్నాడు, తెల్లగా.

పెళ్ళయిన కొత్తలో మా ఇంట్లో వీళ్ళ క్యాసెట్లు ఏడు ఉండేవి. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. వంట చేస్తూ విని, ఆ మాటలన్నీ తెలుగు అక్షరాల్లో నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. మా ఆయన ఒకరోజు అది చూసి పొట్ట పట్టుకుని నవ్వి, తర్వాత కూర్చుని మొత్తం దిద్దిపెట్టారు.

మార్చి 5, బుధవారం

ఫోన్ చేశాను.

"మీరున్న ఊరికి ఎవరొస్తున్నారో తెలుసా?"

"ఎవరు?"

చెప్పాను. నవ్వారు. "ఇంకా బతికే ఉన్నారా వాళ్ళు!"

"టికెట్లు కొన్నాను. రెండు. పక్కపక్కన."

"నువ్వా?"

"నేనే."

"శనివారమా... చూద్దాం. ఇక్కడ పని ఒత్తిడి నీకు తెలుసుగా."

తెలుసు. ఆసుపత్రికి లిఫ్టులు బిగించడమంటే మాటలా? మొత్తం తొమ్మిది లిఫ్టులు. ఆరు నెలలని పంపారు, ఇరవై నెలలైంది. లిఫ్టుకి రెండు నెలలు వేసుకున్నా పద్దెనిమిది. పైన ఇంకో రెండు నెలలు పరీక్షలకి. సరిగ్గా సరిపోయింది.

నవ్వారు. అది రాసుకోవాలి.

మార్చి 7, శుక్రవారం

ఆయన టికెట్ కవర్లో పెట్టాను. ఆఫీసు చిరునామాకే. ఉండే గది మారుతున్నానని, కుదురుకున్నాక చెబుతానని మూడుసార్లు అన్నారు. ఇంకా కుదురుకోలేదు పాపం.

లిఫ్టు గుంతలో కళ్ళు మూసుకుని తిరగగలరు గానీ, రోడ్డు మీద ఆయనకి కుడీ ఎడమా తెలియదు. అందుకని హాలు వాళ్ళకి ఫోన్ చేసి అన్నీ కనుక్కుని ఒక కాగితం మీద వరసగా రాశాను. బస్సు ఎక్కడ దిగాలి, రెండో గేటు దగ్గర ఎందుకు ఆగకూడదు, మూడో గేటు లోపల ఎడమ చేతి మెట్లు, ఇరవై రెండు మెట్లు, పైకెక్కాక మంచినీళ్ళ కుళాయి పక్క తలుపు. మీ ఎడమ చెవి గురించి ఆలోచించే ఈ సీటు తీసుకున్నానని కూడా రాశాను.

రెండో కాగితం మీద ఒక్కటే అడిగాను. ఇంటికి తిరిగి వస్తారా, రారా? నోటితో చెప్పడం కష్టమైతే చెప్పక్కర్లేదు. వచ్చి ఆ సీట్లో కూర్చుంటే వస్తున్నట్టు. సీటు ఖాళీగా ఉంటే రానట్టు. ఇంకేమీ అడగను.

జిగురు రాసి అంటించి, పైన టేపు కూడా వేశాను. రెండు వరసలు.

మార్చి 8, శనివారం

పోస్టు డబ్బాలో వేశాను. వేశాక చెయ్యి లోపలికి పెట్టి చూశాను. అందలేదు.

మార్చి 11, మంగళవారం

పై వాటాలో టైలరమ్మ దగ్గరికి నీలం కోటు తీసుకెళ్ళాను, నడుం దగ్గర లోపలికి పట్టమని.

"ఏంటక్కా, ఇంత చిక్కిపోయావు? బావగారి మీద బెంగా?"

"బెంగా లేదు, గింగా లేదు. అప్పుడు నువ్వే వదులుగా కుట్టావు."

"నేను కుట్టిన కోటు వదులవదు. మనుషులే వదులవుతారు."

ఎక్కడికి ఈ ముస్తాబు అంటే పేపరు ముక్క చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"వీళ్ళు స్టేజీ ఎక్కి పాడతారా, మందులేసుకుని పడుకుంటారా?"

"పాడతారు."

"మధ్యలో ఎవరైనా పడిపోతే టికెట్ డబ్బులు తిరిగిస్తారేమో కనుక్కో." తనే నవ్వేసి, పిన్నులు పళ్ళ మధ్య పెట్టుకుని నా చుట్టూ తిరిగింది. "బావగారు స్టేషనుకొస్తారా?"

"తిన్నగా హాలుకే వస్తారు. పని ఒత్తిడి."

నోట్లో పిన్నులున్నాయి కాబట్టి ఏమీ అనలేదు. తీశాక కూడా అనలేదు.

మార్చి 14, శుక్రవారం

కవరు అందే ఉంటుంది.

మార్చి 15, శనివారం

అందే ఉంటుంది.

మార్చి 16, ఆదివారం

మా అమ్మాయి ఫోన్ చేసింది. తను పనిచేసే ఆసుపత్రిలో వరసగా ఆరు రోజులు నైట్ డ్యూటీ చేసిందట. గొంతు బొంగురుపోయింది.

"ఒక్కదానివే వెళ్తావా? నేను సెలవు పెట్టి రానా?"

"ఎందుకూ, నాన్న వస్తారుగా."

"వస్తానన్నారా?"

"చూద్దామన్నారు."

"అమ్మా, నాన్న చూద్దామంటే..."

"నువ్వు నిద్రపో. కళ్ళ కింద నల్లగా వచ్చేస్తుంది" అని పెట్టేశాను. మనిషి కనబడకుండా కళ్ళ కింద నలుపు నాకెలా తెలిసిందని అడిగే అవకాశం ఇవ్వలేదు.

మార్చి 19, బుధవారం

ఆయన దగ్గర్నించి మెసేజి వచ్చింది. "కవరు అందింది. చూస్తాను."

పదిహేను రోజుల కింద చూద్దాం. ఇప్పుడు చూస్తాను. నయమే కదా. రెండో కాగితం చదివి కూడా ఇంత మామూలుగా రాశారంటే, కోపం లేనట్టే.

మార్చి 21, శుక్రవారం

రేపు పొద్దున ఆరూ పదికి రైలు. పదకొండున్నరకి దిగుతాను. లాడ్జిలో రెండు మంచాల గది తీసుకున్నాను. ఆయన ఆ ఊళ్ళోనే ఉంటారు, నిజమే. అయినా రెండు మంచాలది తీసుకున్నాను.

సంచిలో పెట్టినవి: టికెట్. నీళ్ళ సీసా. ఉప్పు బిస్కెట్లు రెండు ప్యాకెట్లు. జ్వరం మాత్రలు. శబ్దం మరీ ఎక్కువైతే చెవుల్లోకి దూది. ఆయన చదువుకునే కళ్ళజోడు, ఇక్కడ వదిలేసి వెళ్ళింది. ఇరవై నెలలుగా ఏం పెట్టుకుని చదువుతున్నారో.

గ్యాస్ కట్టేయాలి. కిటికీలు. టైలరమ్మకి తాళం.

మార్చి 22, శనివారం

రాత్రి ఏడున్నర. లాడ్జి గది. ఒక మంచం మీద కూర్చుని రాస్తున్నాను. రెండో దాని మీద కోటు ఉంది.

వరసగా రాయాలి.

మూడింటికే హాలుకి చేరాను. ఆయనకి రాసిచ్చిన దారి సరిగ్గా ఉందో లేదో చూసుకుంటూ వెళ్ళాను. అన్నీ సరిపోయాయి. మెట్లు మాత్రం ఇరవై మూడు. హాలు వాళ్ళు తప్పు చెప్పారు. ఆయన లెక్కపెట్టుకుంటూ వచ్చి తికమకపడతారేమోనని కాసేపు మెట్ల పైనే నిలబడ్డాను. జనం తోసేస్తుంటే లోపలికెళ్ళి కూర్చున్నాను.

వచ్చినవాళ్ళు సగానికి సగం నా వయసు, ఆ పైన. పాత టీషర్టులు పొట్ట మీద బిగుసుకుపోయి, వాటి మీద ఈ నలుగురి పడుచు మొహాలు సాగిపోయి కనబడుతున్నాయి. నాకు నవ్వొచ్చింది. ఆయన రాగానే చూపించాలనుకున్నాను.

నాలుగింటికి అయిదు నిమిషాలుండగా మా వరుసలోకి ఒకతను వచ్చాడు. పొట్టిగా, చెమటలు కక్కుతూ. ముందు అతని మొహం చూడలేదు. చేతిలో కాగితం చూశాను. నా అక్షరాలు.

"ఇది పదిహేడేనాండీ?"

తల ఊపాను.

"హమ్మయ్య!" అని కూలబడ్డాడు. "ఎవరు రాశారో గానీ, ఈ కాగితం లేకపోతే ఈపాటికి రెండో గేటు దగ్గర ఏడుస్తూ ఉండేవాణ్ణి. ఒక్క తప్పు లేదు. కాదు, ఒకటుంది. మెట్లు ఇరవై మూడండీ."

"వాళ్ళే ఇరవై రెండని చెప్పారు."

"ఎవరు?"

"హాలు వాళ్ళు. నాకూ అలాగే చెప్పారు."

"అదీ సంగతి. ఇంకా ఇది చూడండి, మీ ఎడమ చెవి గురించి ఆలోచించే ఈ సీటు తీసుకున్నాను అట. నా రెండు చెవులూ బాగానే ఉన్నాయి. ఎవరో ముసలాయన కోసం రాసినట్టుంది."

నీళ్ళు తాగాను. తర్వాత అడిగాను, టికెట్ మీరు కొన్నది కాదా అని.

"అంత సీను నాకెక్కడిదండీ. మా సూపర్‌వైజరు గారిచ్చారు. నేను స్టోరు చూస్తాను, లిఫ్టుల కంపెనీలో. నిన్న సాయంత్రం బల్ల మీద కవరు పడేసి, నీకు పాటలంటే పిచ్చిగా, పో అన్నారు. కవరు విప్పను కూడా లేదాయన. ఆ టేపు ఊడదీసేసరికి నా గోరు చీలిపోయింది, చూడండి."

చూశాను. బొటనవేలి గోరు, నిజంగానే చీలింది.

"ఆయనకి పాటలు ఇష్టం లేదా?"

"ఏమో మరి. ఇవాళ కుదరదన్నారు. పాపకి ఈత పోటీలట. ఆ పాపంటే ప్రాణం ఆయనకి. పైగా వాళ్ళావిడకి ఈ గోల అస్సలు పడదట."

పాప వయసెంత అన్నాను. ఎనిమిదేళ్ళు అన్నాడు.

మా అమ్మాయికి ఇరవై ఆరు.

"పని ఒత్తిడి ఎక్కువుంటుందేమో మీకు" అన్నాను.

"ఒకప్పుడండీ. ఆసుపత్రి లిఫ్టులు తొమ్మిదీ మేమే బిగించాం. అవి పూర్తయి ఏడాది దాటింది. ఇప్పుడన్నీ చిన్నా చితకా రిపేర్లు. అయిదు కొడితే ఇంటికే." చొక్కా జేబు తట్టాడు. "ఇంకో కాగితం కూడా ఉందండీ కవర్లో. మడత విప్పి, ఇంటికి అన్న మాట కనబడగానే మళ్ళీ మడిచేశాను. ఒకరి ఉత్తరం మనకెందుకు. సోమవారం ఆయనకిచ్చేస్తాను."

జేబులోంచి దాని అంచు కనబడుతోంది. చెయ్యి చాపితే అందేంత దూరం. అది నాదండీ అంటే ఇచ్చేసేవాడు. దీపాలు ఆరిపోయాయి.

చీకట్లో ఒక్కటే ఆలోచించాను. కవరు విప్పలేదు. అంటే నా ప్రశ్న చదవలేదు. చదవని ప్రశ్నకి జవాబెలా చెబుతారు? సీటు ఖాళీగా కూడా లేదు. కాబట్టి ఇది లెక్కలోకి రాదు. సూపర్‌వైజర్లు ఎంతమంది ఉంటారు కంపెనీలో, అని కూడా ఒకసారి అనుకున్నాను. నా అక్షరాలున్న కాగితం పక్కనున్న అతని ఒళ్ళోనే ఉంది.

బ్యాండు వచ్చింది. పాడే అతను ఒకరి చెయ్యి పట్టుకుని వచ్చి ఎత్తు బల్ల మీద కూర్చున్నాడు. డ్రమ్ములు మొదలవగానే శబ్దం చెవుల్లోకి కాదు, పక్కటెముకల్లోకి వచ్చింది. క్యాసెట్లలో ఇది తెలియదు. సంచిలోంచి దూది తీయలేదు.

మూడో పాట మా నాలుగో క్యాసెట్ చివర్లోది. టేపు చాలక సగంలో తెగిపోయేది. ఎప్పుడూ అక్కడే తెగేది, టక్ మని. అది తెగేచోటు రాగానే నేను ఆగిపోయాను. హాలంతా పాడుతూ ముందుకెళ్ళిపోయింది. ఆ పాట ఇంకా అంత ఉందని నాకు తెలియదు.

స్టోరాయన మంచివాడు. గొంతెత్తి, తాళం తప్పుతూ పాడాడు. మధ్యలో విరామమిస్తే బిస్కెట్లు పెట్టాను. రెండు తిని మూడోదానికి మొహమాటపడ్డాడు.

"ఒక్కరే వచ్చారాండీ?"

"మా ఆయన రావాలి."

"ట్రాఫిక్కులో ఇరుక్కుని ఉంటారు. వస్తే చెప్పండి, నేను ఎటో ఒక పక్కకి సర్దుకుంటాను."

ఆరున్నరకి లేచాడు. బస్సు తప్పితే మళ్ళీ గంట దాకా లేదట. "పాపం మీవారు మిస్సయిపోయారండీ" అన్నాడు. దారి కాగితం మడిచి జాగ్రత్తగా జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

ఆ తర్వాత ఇంకొక్క పాటతో అయిపోయింది. గదికి వచ్చేశాను.

సోమవారం ఆయన చదువుతారు.

మార్చి 23, ఆదివారం

ఇంటికి చేరాను. పైనుంచి టైలరమ్మ తాళం అందిస్తూ "వచ్చారా బావగారు?" అంది. తలనొప్పిగా ఉందన్నాను. నిజంగానే ఉంది.

మార్చి 24, సోమవారం

పదింటికి స్టోరు తెరుస్తారు. పదిన్నరకల్లా ఇచ్చేసి ఉంటాడు.

అలమారలన్నీ దులిపి, కొత్త కాగితాలు పరిచాను. ఫోను పక్కనే పెట్టుకుని.

సాయంత్రం అయిదైంది. అయిదు కొడితే ఇంటికే.

మార్చి 25, మంగళవారం

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి చేశారు.

"నువ్వు నిజంగానే వెళ్ళావా?"

"వెళ్ళాను."

"ఒక్కదానివే అంత దూరం వెళ్తావనుకోలేదు. నేను రాకపోతే నువ్వూ మానేస్తావనుకున్నాను."

"రానని మీరు చెప్పలేదుగా."

గొంతు సవరించుకున్నారు. ఎక్కడో ఆరుబయట నిలబడి మాట్లాడుతున్నట్టుంది, వెనక బండ్ల చప్పుడు. "మా స్టోరతను పొద్దస్తమానం అదే చెబుతున్నాడు. పక్కన ఒకావిడ కూర్చుందట, ఉప్పు బిస్కెట్లు పెట్టిందట. ఆ బిస్కెట్ల మాట వినగానే..."

"మంచాయన."

"ఆఁ. మంచివాడే."

"కాగితం ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

"చదివారా?"

"చదివాను."

నేను ఆగాను. ఆ కాగితం రాసి పద్దెనిమిది రోజులు. ఇంకాసేపు ఆగడం కష్టమేమీ కాదు. ఆయన ఫోను కుడి చెవికి మార్చుకున్న చప్పుడు వినబడింది. మరీ ముఖ్యమైన మాట వినాలంటే అలా మారుస్తారు.

"నువ్వెవరో అతనికి చెప్పావా?"

"చెప్పలేదు" అన్నాను.

ఊపిరి వదిలారు. అంత దూరం నుంచీ స్పష్టంగా వినబడింది. ఈ ఇరవై నెలల్లో నా మాటతో ఆయన మనసు కుదుటపడింది ఇదొక్కసారే.

"అదీ... చూడు, నేనే ఒకసారి వచ్చి, కూర్చుని అన్నీ..."

"పాపకి ఈత పోటీల్లో ఏమొచ్చింది?"

బండ్లు పోతూనే ఉన్నాయి.

"రెండోది" అన్నారు.

"మంచిది" అని పెట్టేశాను.

మార్చి 27, గురువారం

అమ్మాయికి చెప్పాను. టైలరమ్మకి చెప్పాను. రెండుసార్లూ ఒకే మాట. ఆయన వేరే ఇంట్లో ఉంటున్నారు.

అమ్మాయి ఏడ్చింది. టైలరమ్మ మిషను ఆపలేదు. "కూర్చో అక్కా" అని కుర్చీ మీది గుడ్డలు నేల మీదికి తోసింది. జాకెట్టు చెయ్యి ఒకటి కుట్టడం పూర్తయ్యాక, "ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"నాకు తెలిసి రెండు రోజులు."

మిషను ఆపి నా వైపు చూసింది. "అలాగే అను" అంది, మెల్లగా. టీ పెట్టడానికి లేచింది.

మార్చి 30, ఆదివారం

శనివారం సంగతి వరసగా రాశాననుకున్నాను. పూర్తిగా రాయలేదు.

స్టోరాయన వెళ్ళాక పాడిన పాట మా ఏడు క్యాసెట్లలోనూ లేదు. ఎప్పుడు కట్టారో. చుట్టూ అందరికీ వచ్చు, నాకే రాదు. పైకెక్కాల్సిన చోట పాడే అతని గొంతు అందలేదు. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ జారింది. అతను తల అడ్డంగా ఊపి నవ్వి, మైకు మా వైపు తిప్పాడు. హాలంతా లేచి నిలబడి ఆ చోటు పాడింది. నేనూ లేచాను. మోకాళ్ళు పట్టేశాయి, ముందు సీటు పట్టుకుని లేచాను. మాటలు తెలియవు కాబట్టి నోరు తెరిచి ఒట్టి గొంతు వదిలాను. చాలా పెద్దగా వచ్చింది. ఇంట్లో ఎన్నడూ అంత పెద్దగా అరవలేదు. పక్కవాళ్ళెవరూ తిరిగి చూడలేదు. అక్కడ అందరూ అరుస్తున్నారు.

దీపాలు వెలిగాక జనం దిగిపోయారు. నేను అలాగే నిలబడి ఉన్నాను. వరుసలు ఖాళీ చేయిస్తున్న హాలు మనిషి, చేతిలో చెత్త సంచితో, మా వరుస చివర ఆగాడు.

"అమ్మా, తలుపులు వేసేస్తున్నాం. మీతో ఇంకెవరైనా రావాలా?"

"లేదు బాబూ" అన్నాను. "నేనొక్కదాన్నే."

ఆ మాట నేను శనివారమే అన్నాను. గదికొచ్చి అన్నీ రాశాను, మెట్ల లెక్కతో సహా. ఇదొక్కటి రాయకుండా, సోమవారం దాకా, మంగళవారం దాకా, ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాను.